సైటులో తోటి కార్మికుడు కొట్టాడు, జారిపడ్డానని చెప్పమంటున్నారు

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సైటులో సెంట్రింగ్ (స్లాబు పోయడానికి అచ్చు కట్టే) పని చేస్తాడు. ప్లేట్లు బిగించడం పూర్తికాకముందే స్లాబు మీదికి ఇనుము ఎక్కించవద్దన్నందుకు బార్ బెండింగ్ (ఇనుప కడ్డీలు వంచి కట్టే) ముఠాలో ఒకతను కడ్డీతో కొట్టాడు. ముంజేతి ఎముక విరిగింది. మేస్త్రీ పక్కనే నిలబడి, జారిపడ్డానని డాక్టరుకు చెప్పించాడు. ఖర్చు తానే పెట్టుకుంటానంటున్నాడు. కేసు పెడితే పని పోతుందని తమ్ముడి భయం. ఏం చేయమంటారు?

జవాబు: ఆసుపత్రి కాగితంలో ఆ అబద్ధాన్ని అలాగే ఉండనివ్వకండి. రేపు పోలీసులైనా, కార్మిక శాఖవారైనా ఆ కాగితమే అడుగుతారు. ఈరోజే మళ్లీ వెళ్లి ఎవరు దేనితో కొట్టారో, మొదట వేరేగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా, నమోదు చేయమనండి. ఎక్స్‌రేలు మేస్త్రీ చేతికి ఇవ్వకండి.

ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత ప్రకారం అది తీవ్ర గాయమే. ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులు చూసుకుంటారు, మీరు జరిగింది జరిగినట్టు రాయండి. ఏ స్టేషనులో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు: గొడవలో తమ్ముడు కూడా అతన్ని ఒకసారి తోశాడట. అదీ రాయాలా?

జవాబు: తప్పకుండా రాయండి. మీరు దాచిన సంగతి అవతలివారు బయటపెడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. తోసినంత మాత్రాన ఎముకలు విరగ్గొట్టే హక్కు ఎవరికీ లేదు.

మరొకరి జవాబు: పోలీసు కేసుతో పాటు పరిహారం సంగతి కూడా చూడండి. పని కారణంగా, పనిలో ఉండగా తగిలిన గాయానికి యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నుంచి ఉన్న సూత్రం. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. పాత అప్పు మీదో, ఊరి పగ మీదో కొట్టుకుంటే ఆ పరిహారం రావడం కష్టం. ఇక్కడ తగాదా స్లాబు పని మీదే వచ్చింది కాబట్టి ఫిర్యాదులో ఆ ముక్క విడిగా, స్పష్టంగా రాయండి. మేస్త్రీ చేతులెత్తేసినా, పని అప్పగించిన నిర్మాణ సంస్థను అడగవచ్చు. తమ్ముడికి ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే మాత్రం ఆ కార్యాలయానికే వెళ్లాలి. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవల సంస్థ నంబరు 15100కి ఫోను చేయండి.

తమ్ముడూ, కొట్టినతనూ ఒకే షెడ్డులో ఉంటున్నట్లయితే ఈ రాత్రికే తమ్ముడిని మీ ఇంటికి తెచ్చుకోండి. గొడవ చూసినవారి పేర్లు, ఫోను నంబర్లు కూడా వెంటనే రాసుకోండి. స్లాబు పోయడం అయిపోగానే ముఠాలు వేరే సైటుకు వెళ్లిపోతాయి.