యుద్ధకాలం వంటలు: ఉన్నదున్నట్టు వండాలా, మన రుచికి మార్చుకోవాలా?

మిర్యాలగూడ వంటిల్లు:
అందరికీ నమస్కారం. ఈ విషయంలో మా ఇంట్లో రెండు జట్లయ్యాయి, మీ మాట కూడా కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు రేషన్ సరుకులతో వండుకున్న వంటలను ఇప్పుడు చాలామంది ఇంట్లో చేసి వీడియోలు పెడుతున్నారు. మా అమ్మాయి వాటిలో ‘వూల్టన్ పై’ అనే వంటకం చేస్తానని పట్టుబట్టింది. ఆలుగడ్డ, క్యారెట్, కాలీఫ్లవర్, ఉల్లికాడలు, ఒక చెంచా ఓట్స్ కలిపి ఉడికించి, పైన ఆలుగడ్డ ముద్ద పరిచి ఓవెన్‌లో పెట్టడమే. స్వీడ్ అనే దుంప ఇక్కడ దొరకదు కాబట్టి నూల్‌కోల్ వేశాం. ఇంతలో మా ఆడబిడ్డ వచ్చి, పత్యం కూర లెక్క ఉందని చీజ్, వెన్న, గరం మసాలా దట్టించింది. పిల్లలు గిన్నె ఖాళీ చేశారు. అమ్మాయి మాత్రం అలిగింది. నాకు అమ్మాయి మాటే సబబనిపిస్తోంది. మనిషికి వారానికి సుమారు 57 గ్రాముల వెన్న, ఒక్క కోడిగుడ్డు ఇచ్చిన రోజుల వంట అది. ఒక పూటకే అంత వెన్న వేశాక ఇక దాన్ని ఆ పేరుతో పిలవడం ఎందుకు?

పాలమూరు పిల్ల:
అక్కా, నేను మీ ఆడబిడ్డ వైపు. ఆ కాలం ఆడవాళ్లు చేసిందేమిటి? గుడ్లు లేకపోతే అమెరికా నుంచి వచ్చిన గుడ్డు పొడి కలిపారు. చక్కెర చాలకపోతే కేకులో క్యారెట్ తురుము వేశారు. చేతికి దొరికినదాంతో సర్దుకున్నారు. మనకు చీజ్ దొరుకుతోంది, వేసుకుంటున్నాం. పైగా యుద్ధకాలం బ్రిటన్‌లో 1940 నుంచి తిండి వృథా చేయడం శిక్ష పడే నేరంగా ఉండేది. పిల్లలు ముట్టని వంట చేసి చెత్తబుట్టలో పోస్తే ఆ రోజులకు మర్యాద ఇచ్చినట్టా? మసాలా వేసి కడుపునిండా తినిపించడమే నయం.

నకిరేకల్ సోషల్ సార్:
చెల్లె, వృథా సంగతి ఒప్పుకుంటా. కానీ లేక సర్దుకోవడం వేరు, అన్నీ ఉండి కలుపుకోవడం వేరు. అయినా నా బాధ ఇంకొకటి. యుద్ధకాలం వంట అనగానే మనకు లండన్ గుర్తొస్తోంది, మన నల్లగొండ గుర్తుకు రావడం లేదు.

బ్రిటన్‌లో రేషన్ 1940 జనవరి 8న మొదలై 1954 జూలై 4 దాకా నడిచింది. ఆహార మంత్రి లార్డ్ వూల్టన్. ఆయన పేరు పెట్టిన ఆ వంటకం లండన్ సవాయ్ హోటల్ వంటశాలలో పుట్టింది. రాజు ఇంటికి కూడా రేషన్ పుస్తకాలే. సర్కారు కొలిచి ఇచ్చింది, జనం ఆ కొలతతో వండారు.

మన దగ్గర అదే యుద్ధంలో జరిగింది దీనికి పూర్తి తలకిందులు. 1942లో రంగూన్ జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం ఆగిపోయాయి. మరుసటి ఏడాది బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. నిజాం సర్కారు రైతు మీద లెవీ వేసింది. పండిన గింజల్లో ఇంత అని లెక్కగట్టి సర్కారు ధరకు అప్పజెప్పాలి. లెక్క రాసేది ఊరి అధికారులైన పటేల్, పట్వారీ. పెద్ద భూస్వామి అయిన దేశ్‌ముఖ్ గరిసెలు ఆ లెక్కకు అందలేదు, చిన్న రైతు ఇంట్లో విత్తనాలకు దాచుకున్నవి కూడా మిగల్లేదు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగాక వెట్టితో పాటు ఈ లెవీ మీద కూడా ఊరూరా సంఘం (ఆ మహాసభనే ఊళ్లలో అలా పిలిచేవాళ్లు) కదిలింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలం పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానివ్వలేదు. అది కూడా ఇంటికి రావలసిన గింజల కోసం జరిగిన పోరే.

పండించిన వాడి ఇంట్లో అంబలి మిగలడమే మన యుద్ధకాలం వంట. అందులో జీడిపప్పు, నెయ్యి వేస్తే రుచి పెరుగుతుంది, ఆ నెయ్యి, ఆ గింజలు ఎవరు పట్టుకుపోయారన్న సంగతి మాత్రం పిల్లలకు కనపడదు. అందుకే ఉన్నదున్నట్టు వండాలి. వండి, కథ చెప్పి, తర్వాత పప్పన్నం పెట్టండి. ఎవరినీ పస్తులుంచమని నేను అనడం లేదు.

కల్వకుర్తి రాజు:
సార్, మీరు చెప్పిన చరిత్ర అంటే గౌరవమే. కానీ మా వైపు గటక (జొన్న రవ్వ, పిండితో వండే ముద్ద) యుద్ధంతో వచ్చి యుద్ధంతో పోయింది కాదు. యుద్ధం అయిపోయింది, నిజాం పోయాడు, గటక మాత్రం ఉండిపోయింది. 1972 కరువులో అదే. మా నాయిన పాలమూరు లేబర్‌తో డ్యాముల పనికి పోయినప్పుడు మూటలో జొన్నరొట్టెలే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాకనే మా ఇంట్లో రెండు పూటలా అన్నం వండారు. మా అమ్మ ఇప్పటికీ గటక పేరు ఎత్తనివ్వదు. ఏండ్ల తరబడి గత్యంతరం లేక తిన్న మనిషి ముందు, పిల్లలకు పాఠం అని ఉప్పు నీళ్ల గటక పెడితే ఆమెకు ఎట్లుంటది? నా మాట ఏమంటే, వండితే మంచిగా వండండి, నెయ్యి వేయండి. అప్పుడు దొరకనిది ఇప్పుడన్నా ఆమె పళ్లెంలో పడనీయండి. లేదంటే వండకండి.

మర్రిగూడ సిస్టర్:
ఊళ్లలో ఆరోగ్యం పని చేసేదాన్ని, ఒక మాట చెప్తా. పాతకాలం తిండి అంతా బలమే అనుకోవద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1970లలో పరిశోధన చేస్తే, జొన్న తిన్నవాళ్ల ఒంట్లో అన్నం తిన్నవాళ్ల కన్నా ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచింది. మన నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి వాళ్లు 1973లోనే రాశారు. అయితే ఆ ఫ్లోరైడ్ వచ్చేది జొన్నలోంచి కాదు, బోరు నీళ్లలోంచి. కాబట్టి గటకకు ఎసరు బోరు నీళ్లతో పెట్టకండి, కృష్ణా నీళ్లు వాడండి. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని కూడా ఆ సంస్థ వాళ్లే 2002లో చెప్పారు. గటకలోకి పచ్చిపులుసు పోసుకునే మన అలవాటు మంచిదే. ఇక నెయ్యి వేయాలా వద్దా అంటే, రోజంతా ఎండలో పని చేసినవాళ్లకు చెంచా నెయ్యితో ఏమీ కాదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం గటకే కదా అని గిన్నెడు తినొద్దు, అది కూడా గింజే.

పాలమూరు పిల్ల:
రాజన్నా, మీ మాటతో నాకు ఇంకా బలం వచ్చింది. సార్, మీరు చెప్పిన కథ నెయ్యి వేసిన గటక తింటూ కూడా చెప్పొచ్చు కదా? కడుపు చల్లగా ఉంటే పిల్లలు ఇంకా మంచిగా వింటారు.

నకిరేకల్ సోషల్ సార్:
చెప్పొచ్చు, కానీ నమ్మరు. మా బడిలో లెవీ పాఠం చెప్తే పరీక్ష కోసం రాసుకున్నారు, అంతే. చప్పటి అంబలి ఒక గుక్క తాగిన పిల్లవాడు మాత్రం "మరి గింజలన్నీ ఎటు పోయాయి సార్" అని తనే అడిగాడు. రాజు గారి అమ్మగారి విషయంలో నాకు వాదన లేదు. అనుభవించిన వాళ్లకు నెయ్యి వేయండి, తెలియని వాళ్లకు వేయకండి.

మిర్యాలగూడ వంటిల్లు:
రాజు తమ్ముడు రాసింది చదివాక ముందు మా అత్తమ్మనే అడిగాను. లెవీ రోజుల్లో వాళ్ల అమ్మ వండిన తీరు చెప్పింది. జొన్నలకు తడి చల్లి రోట్లో దంచితే పొట్టు వదులుతుంది. చెరిగి, ఇసుర్రాయిలో బరకగా విసిరి జల్లెడ పట్టాలి. ఎసరు మరిగాక ఉప్పేసి ముందు రవ్వ పోయాలి. రవ్వ మెత్తబడ్డాకనే పిండి చల్లి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ సన్న మంట మీద మగ్గనివ్వాలి. రవ్వ, పిండి ఒకేసారి పోస్తే లోపల పచ్చి మిగిలిపోతుందట. అందులోకి కాల్చిన మిరపకాయ, ఉల్లిగడ్డ పిసికిన పచ్చిపులుసు. వాళ్లకు బర్రె ఉండేది కాబట్టి సల్ల (మజ్జిగ) కూడా పోసుకునేవాళ్లట, వెన్న మాత్రం కాచి నెయ్యి చేసి అమ్ముకునేవాళ్లు. కాబట్టి ఈ ఆదివారం మా ఇంటి గటకలో సల్ల ఉంటుంది, నెయ్యి ఉండదు. అత్తమ్మకు కావాలంటే వేస్తా. ఇసుర్రాయి మాకు లేదు. మిర్యాలగూడలో జొన్నలు బరకగా పట్టే గిర్ని ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.