ఉన్నది 310 జీబీ, బ్యాకప్‌కి 11 గంటలు. ఎక్కడ చూడాలి?

నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి.

స్కాన్ చేసిన కాగితాలు దాచే పీహెచ్‌పీ అప్లికేషన్ ఒకటి నా నెత్తిన ఉంది. ఉబుంటు సర్వర్, 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్కులు, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి). ర్యామ్ 8 జీబీ, అందులో సగానికి పైగా డేటాబేస్ తినేస్తుంది. డేటా మొత్తం 310 జీబీ. రోజూ రాత్రి 10కి క్రాన్ (టైమ్‌కి పనులు మొదలెట్టే ప్రోగ్రామ్) నుంచి ఆర్‌సింక్ (మారిన ఫైళ్లు వెతికి కాపీ చేసే ప్రోగ్రామ్) మొదలై పక్క సర్వర్‌కి కాపీ చేస్తుంది. నాలుగు నెలల కిందటి దాకా మూడు గంటల్లో అయిపోయేది, నేను లాగ్ కూడా తెరిచేవాణ్ని కాదు. ఇప్పుడు 11 గంటలు పడుతోంది. అంటే పొద్దున 9కి జనం లాగిన్ అయ్యే వేళకి కూడా నడుస్తూనే ఉంటుంది. పేజీలు తెరుచుకోవు, నా ఫోన్ మోగుతుంది.

ఈ నాలుగు నెలల్లో డేటా పెరిగింది పదో పన్నెండో జీబీ, అంతే. నెట్‌వర్క్ మీద అనుమానంతో ఐపెర్ఫ్ పెట్టి చూశాను, గిగాబిట్ లింక్ మీద 940 మెగాబిట్లు వస్తున్నాయి. కంప్రెషన్ ఆప్షన్ పెట్టాను, తేడా లేదు. డిలీట్-ఆఫ్టర్ ఆప్షన్ (ఇక్కడ లేని ఫైళ్లని కాపీ అయ్యాక అవతలి పక్క తుడిచేది) మొదట్నుంచీ ఉంది, ఎవరు పెట్టారో తెలీదు. ఎస్‌ఎస్‌డీ కొనమని మేనేజర్‌ని అడుగుదామంటే "ముందు కారణం చెప్పు" అంటారు. ఆ కారణమే నాకు దొరకట్లేదు.

పాతడిస్క్:

జీబీలు పక్కన పెట్టండి. ఫైళ్లు ఎన్ని? డీఎఫ్ కమాండ్‌కి మైనస్ ఐ ఇస్తే వాడిన ఐనోడ్ల (ఒక్కో ఫైలుకి ఒక్కో వివరాల చీటీ) సంఖ్య చెబుతుంది. తర్వాత డీయూ కమాండ్‌కి ఐనోడ్స్ ఆప్షన్, లోతు 2 ఇచ్చి ఏ ఫోల్డర్లో ఎన్ని ఉన్నాయో చూడండి. మూడోది, అదే ఆర్‌సింక్ కమాండ్‌ని డ్రై-రన్‌తో నడిపి టైమ్ కొలవండి. డ్రై-రన్ ఒక్క బైటు కూడా కాపీ చెయ్యదు. దానికే ఎక్కువ టైమ్ పడితే మీ బాధ కాపీ కాదు, వెతుకులాట. ఆ టైమ్‌లో ఐఓస్టాట్ (డిస్క్ మీద చదవడం, రాయడం ఎంత జరుగుతోందో చూపేది) కూడా తెరిచి ఉంచండి.

నైట్‌షిఫ్ట్:

చూశానండీ. నాకు నోట మాట రాలేదు.

వాడిన ఐనోడ్లు 62 లక్షలు. నేను మహా అయితే 25 లక్షలు ఉంటాయనుకున్నాను. డ్రై-రన్‌కే 10 గంటల 20 నిమిషాలు. అంటే కాపీకి పడుతున్నది ముప్పావు గంట కూడా కాదు! ఐఓస్టాట్‌లో సెకనుకి వంద అటూ ఇటూగా రీడ్లు, ఎంబీల్లో చూస్తే ఏమీ లేదు.

డీయూకి కూడా గంటల తరబడి పట్టింది. చివరికి తేలిందేమిటంటే, అప్లికేషన్ టెంప్ ఫోల్డర్ కింద సెషన్స్ (సైట్‌కి వచ్చిన ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకునే ఫైళ్లు) అని ఒకటుంది, అందులో 38 లక్షల ఫైళ్లు. దాదాపు అన్నీ సున్నా బైట్లే. అందుకే ఇన్నాళ్లూ సైజు లెక్కల్లో ఎవరికీ కనబడలేదు. లోపల ఏముందో చూద్దామని అలవాటు కొద్దీ ఎల్‌ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) కొట్టాను, టెర్మినల్ బిగుసుకుపోయింది. ఆ డైరెక్టరీ (ఫోల్డర్లోని పేర్ల పట్టిక) సైజే 200 ఎంబీ దాటింది.

పాతడిస్క్:

ఎల్‌ఎస్‌కి మైనస్ ఎఫ్ ఇచ్చి ఉంటే పేర్లన్నీ వరుసలో పెట్టకుండా వచ్చినవి వచ్చినట్టు చూపించేది. సరే.

7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ (డిస్క్‌ని చదివే ముల్లు) కిందికి రావడానికి సగటున సగం చుట్టు, 4.17. దానికి హెడ్ జరిగే టైమ్ కలిపితే ఒక్కో చెల్లాచెదురు రీడ్‌కి పది మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకి వంద అనుకోండి. ఆర్‌సింక్ ప్రతి ఫైలు సైజూ, మారిన సమయమూ అడుగుతుంది. 62 లక్షల ప్రశ్నలు, సెకనుకి వంద చొప్పున 62,000 సెకన్లు, అంటే 17 గంటలు. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్ మామూలుగా 256 బైట్లు, 4 కేబీ బ్లాక్‌లో 16 పడతాయి, ఒకటి చదివితే పక్కవి కూడా వస్తాయి కాబట్టి మీకు పదిన్నరలో అవుతోంది.

ఇంకొకటి. ఇదే ఫైల్‌సిస్టమ్‌లో పెద్ద డైరెక్టరీని చదివితే పేర్లు హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టిన అంకె) క్రమంలో వస్తాయి, ఐనోడ్ నంబర్ల క్రమంలో కాదు. దాంతో హెడ్ అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. ర్యామ్ ఎక్కువుంటే చదివిన బ్లాకులు నిలబడతాయి, రెండోసారి డిస్క్ దాకా వెళ్లక్కర్లేదు. కర్నెల్ కాష్‌లో (చదివినవాటిని ర్యామ్‌లో దాచుకునే చోటు) ఒక్కో ఈఎక్స్‌టీ4 ఐనోడ్ దాదాపు 1 కేబీ తీసుకుంటుంది. 62 లక్షలకి 6 జీబీ. మీకు మిగిలేది నాలుగు కూడా లేదు. ఫైళ్లు రెండున్నర రెట్లు పెరిగితే టైమ్ మూడున్నర రెట్లు దాటడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఆ కాష్ ఎంతుందో స్లాబ్‌టాప్ కమాండ్‌లో చూడొచ్చు.

డిలీట్-ఆఫ్టర్ తీసెయ్యండి. 2008లో వచ్చిన 3.0 నుంచి ఆర్‌సింక్ ఒకపక్క వెతుకుతూనే ఇంకోపక్క కాపీ చేస్తుంది. మీరు పెట్టిన ఆప్షన్ ఆ సౌకర్యాన్ని ఆపేసి, మొత్తం జాబితా తయారయ్యే దాకా కూర్చోబెడుతుంది. కంప్రెషన్ కూడా దండగ, జేపెగ్‌లు ఇంకేం నలుగుతాయి?

అసలు ఆ సెషన్ ఫైళ్లు ఎవరు పుట్టిస్తున్నారు? అది తెలీకుండా తుడిచేస్తే నాలుగు నెలలకి మళ్లీ ఇదే పోస్ట్ పెడతారు.

నైట్‌షిఫ్ట్:

దొరికింది. రెండు తప్పులు కలిశాయి, అందులో ఒకటి నాదే.

డెబియన్, ఉబుంటు పీహెచ్‌పీ ప్యాకేజీల్లో పాత సెషన్లని పీహెచ్‌పీ తుడవదు, ఆ పని విడిగా ఒక స్క్రిప్ట్ చేస్తుంది. ఆ స్క్రిప్ట్ సెషన్ దారి ఎక్కడుందో పీహెచ్‌పీ కాన్ఫిగ్ ఫైలులో చూసుకుంటుంది. మా డెవలపర్లు ఆ దారిని కోడ్ లోపల మార్చారు. కాబట్టి ఆ ఫోల్డర్ సంగతి స్క్రిప్ట్‌కి తెలియనే తెలియదు.

నా తప్పేమిటంటే, మూడున్నర నెలల కిందట రెండు లోడ్ బ్యాలెన్సర్లు (వచ్చే రద్దీని సర్వర్లకి పంచేవి) పెట్టాను. రెండూ ఐదు సెకన్లకోసారి హోమ్ పేజీని తట్టి బతికుందా అని చూస్తాయి (హెల్త్ చెక్). వాటికి కుకీ గుర్తుండదు, కాబట్టి తట్టిన ప్రతిసారీ కొత్త సెషన్, కొత్త ఖాళీ ఫైలు. ఒక్కోటి రోజుకి 17,280, రెండూ కలిపి 34,560. 110 రోజులకి 38 లక్షలు. లెక్క సరిగ్గా సరిపోయేసరికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

గుంపులో_గోవింద:

మంచి వేట. కానీ పాతడిస్క్ గారితో ఒక విషయంలో నేను ఒప్పుకోను. సెషన్లు పోయినా మీకు ఇంకా 24 లక్షలు ఉంటాయి, రేపు 50 అవుతాయి. ఎన్ని ఆప్షన్లు తిప్పినా ఆర్‌సింక్ ప్రతి రాత్రీ ఇల్లిల్లూ తలుపు తట్టి "ఏమైనా మారిందా" అని అడగాల్సిందే. తలుపులే తట్టని పద్ధతికి మారండి. డిస్క్ ఎల్‌వీఎం (డిస్కుల్ని కలిపి వాల్యూమ్‌లుగా పంచే లైనక్స్ పద్ధతి) మీద ఉంటే స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు నిలిపి ఉంచే ప్రతి) తీసి, వాల్యూమ్ మొత్తాన్ని బ్లాకుల వరుసలో చదివెయ్యండి. 500 జీబీ వాల్యూమ్ అనుకున్నా, గిగాబిట్ మీద సెకనుకి 110 ఎంబీ చొప్పున గంటం పావు. అందులో ఫైళ్లు పది ఉన్నా కోటి ఉన్నా అదే టైమ్. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అయితే ఇంకా సుఖం, రెండు స్నాప్‌షాట్ల మధ్య మారిన బ్లాకులు మాత్రమే పంపుతుంది.

అన్నట్టు, ఈ బ్యాకప్ నుంచి ఎప్పుడైనా రీస్టోర్ చేసి చూశారా?

పాతడిస్క్:

గోవింద గారూ, ఇమేజ్ (మీరు చెప్పిన మొత్తం వాల్యూమ్ కాపీ) మంచిదే, కాదనను. కానీ పొరపాటున చెరిపిన ఒక్క స్కాన్ కోసం అరటెరాబైటు ఇమేజ్ మౌంట్ చేసేవాళ్ల ముఖం నేను చూశాను. రోజూ ఆర్‌సింక్, వారానికోసారి ఇమేజ్. రెండూ ఉంచుకోవడమే నా పద్ధతి.

నైట్‌షిఫ్ట్ గారూ, తుడిచేటప్పుడు జాగ్రత్త. ఈఎక్స్‌టీ4 డైరెక్టరీ ఒకసారి పెరిగితే లోపల ఖాళీ చేసినా అంత తేలిగ్గా చిన్నదవదు, ఆ 200 ఎంబీ అలాగే ఉంటుంది. కాబట్టి ఆ ఫోల్డర్ పేరు మార్చి, అదే పేరుతో, అవే పర్మిషన్లతో కొత్తది పెట్టండి. పాతదాన్ని ఫైండ్ కమాండ్ డిలీట్ ఆప్షన్‌తో తీరిగ్గా తుడవండి. ఆర్‌ఎం (తుడిచే కమాండ్) పక్కన నక్షత్రం పెడితే ఆర్గ్యుమెంట్ల జాబితా మరీ పొడుగైందని అసలు మొదలే కాదు. ఆర్‌సింక్‌లో సెషన్స్‌ని మినహాయిస్తే ఒక మెలిక ఉంది. మామూలు డిలీట్ ఆప్షన్ మినహాయించినవాటిని అవతలి పక్క తుడవదు. బ్యాకప్ సర్వర్లో ఉన్న 38 లక్షలూ మీరే తీసెయ్యాలి.

నైట్‌షిఫ్ట్:

వారం తర్వాత వస్తున్నాను.

హెల్త్ చెక్‌ని సెషన్ మొదలెట్టని చిన్న పేజీకి మార్చాను. పేరు మార్చి తుడవడం బాగా పనిచేసింది, రెండు రాత్రులు పట్టింది. డిలీట్-ఆఫ్టర్, కంప్రెషన్ తీసేశాను. నిన్నటి బ్యాకప్ 2 గంటల 20 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీ అడగలేదు, అడగకపోవడం మేనేజర్‌కే ఆశ్చర్యం.

ఇక గోవింద గారి ప్రశ్న. నిజం చెప్పాలంటే ఎప్పుడూ చెయ్యలేదు. చెయ్యలేదని రాయడానికి సిగ్గేసి, ఆదివారం కూర్చుని ఖాళీ మెషిన్ మీదికి మొత్తం రీస్టోర్ చేశాను. 9 గంటలు పట్టింది. 24 లక్షల ఫైళ్లు ఒక్కొక్కటే సృష్టించుకుంటూ రావాలి కదా, అది నాకు తట్టనే లేదు. మా కాగితాల మీద మాత్రం "4 గంటల్లో పునరుద్ధరణ" అని ఉంది, కింద సంతకం నాది.

కాబట్టి వారానికోసారి ఇమేజ్ మొదలుపెడుతున్నాను. ఎల్‌వీఎమ్మే. వాల్యూమ్ గ్రూప్‌లో (ఎల్‌వీఎం కలిపిన మొత్తం చోటు) ఖాళీ 12 జీబీ ఉంది. గంటం పావు సేపు స్నాప్‌షాట్ నిలబడటానికి అది చాలుతుందా?

గుంపులో_గోవింద:

డేటా ఎంతుందన్నది కాదు, ఆ గంటం పావులో ఎంత రాస్తారన్నదే లెక్క, ఎందుకంటే మారే బ్లాకుల పాత ప్రతులే స్నాప్‌షాట్ చోటుని నింపుతాయి. శనివారం రాత్రి అదే టైమ్‌కి ఐఓస్టాట్‌లో రాతలు చూడండి. స్నాప్‌షాట్ నడుస్తుండగా ఎల్‌వీఎస్ కమాండ్ ఎంత నిండిందో శాతంలో చూపిస్తుంది. వంద తాకితే ఆ స్నాప్‌షాట్ చెల్లదు, అసలు వాల్యూమ్‌కి మాత్రం ఏమీ కాదు. డేటాబేస్ డంప్ విడిగా తీయడం మానొద్దు.