ఇంట్లో చేసుకునే సింథులకి (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యాలకి) అందరం ఒకే కొలత పెట్టుకుందామా?

కోట_జంక్షన్:
నిన్న మూడు లాంతర్ల దగ్గర మా డాబా మీద కూర్చున్నప్పుడు నా ఫిల్టర్ బోర్డు కాలిపోయింది. స్విచ్ వెయ్యగానే పొగ. ఎవరో పవర్ కేబుల్ తిరగేసి పెట్టారు. పది పిన్నుల కనెక్టరు, గాడి లేదు, ఎటు పెట్టినా దూరిపోతుంది. అందుకే అంటున్నా, విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వాళ్లందరం యూరోరాక్ లెక్కకి, అంటే సింథు ముక్కలన్నీ ఒకదానికొకటి అతికేలా పెట్టిన కొలతకి, వచ్చేద్దాం. ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు, 3.5 మిల్లీమీటర్ల జాక్, స్వరం ఒక్కో స్థాయి (సా నుంచి పై సా దాకా) పెరగడానికి ఒక వోల్టు. జర్మనీలో డోప్ఫర్ కంపెనీ 1990లలో మొదలుపెట్టినదే. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

సోల్డర్_సూరి:
ముందు ఒకటి తేల్చండి. కేబుల్ మీద ఎర్ర గీత ప్లస్సా, మైనస్సా?

కోట_జంక్షన్:
మైనస్ 12.

సోల్డర్_సూరి:
అదేటండీ! బైక్ బ్యాటరీ నుంచి బొమ్మ కారు దాకా ఎర్ర వైరంటే ప్లస్. జర్మనీవాడి కోసం మనం మైనస్‌కి ఎరుపు వేసుకోవాలా?

ఏడురోడ్లు:
అది ఒకటో పిన్ను గుర్తు బాబూ. కరెంటుతో సంబంధం లేదు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడు ఒకటి వేస్తే గొడవే ఉండదు.

సోల్డర్_సూరి:
డయోడులో 0.3 వోల్టు పోద్ది. ఎర్ర గీత సంగతి చెప్పండి.

పనసచెక్క:
కొలత అనగానే నాకు భయం. మాది బొబ్బిలి వైపు. గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు తొలిచి వీణ చేస్తారు, ఏ రెండూ ఒకలా పలకవు. నేను చేసేది గాత్రానికి ఎలక్ట్రానిక్ తంబురా. మంద్ర తీగ మీటితే అందులోంచి దానంతటదే వినపడే గాంధారం మీ కీబోర్డు గాంధారం కన్నా 14 సెంట్లు దిగువన ఉంటుంది (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). వోల్టుని పన్నెండుగా కోసి ఒక్కో మెట్టుకి 83.3 మిల్లీవోల్టులని మీరు కొలిచేస్తే అదెక్కడికి పోవాలి? ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఊళ్లో కూర్చుని ఈ మాటలా?

కోట_జంక్షన్:
మాస్టారూ, స్థాయిని 12 ముక్కలు చేసేది కీబోర్డు, వోల్టు కాదు. 14 సెంట్లు దించాలంటే దాదాపు 11.7 మిల్లీవోల్టులు తగ్గించండి, అంతే. ఇక వీణ అంటారా, మొద్దు ఏదైనా మెట్లు 24, తీగలు 7. అది కొలత కాదా? అదే లేకపోతే ఒకరి వీణ ఇంకొకరు వాయించగలరా?

ఏడురోడ్లు:
1983లో ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతికి అమెరికా, జపాన్ కంపెనీలే కలిశాయి. మళ్లీ ఆ మిడినే చిన్న జాక్‌లో పంపే దగ్గరికొచ్చేసరికి ఎవరిష్టం వారిది, 2018 దాకా తేలలేదు. నా సంచిలో ఇప్పటికీ రెండు రకాల అడాప్టర్లున్నాయి.

పనసచెక్క:
లెక్కలు మీకు బాగా వచ్చు, ఒప్పుకుంటా. నా బాధ 14 సెంట్లు కాదు. రెండేళ్ల కిందట నా తంబురా సర్క్యూట్ గీసి అందరికీ ఊరికే ఇచ్చాను. ఆరు నెలలు తిరక్కుండా ఒక దుకాణంలో అదే కిట్టుగా అమ్మకానికొచ్చింది, నా పేరు లేదు. ఒక రెసిస్టర్ 47కే (47 వేల ఓమ్‌లు) బదులు 4.7కే అని తప్పు రాశాను, ఆ తప్పు కూడా అలాగే అచ్చయింది. ఇప్పుడు అందరం ఒకే కొలతకి చేస్తే వాడికి ఇంకా సుఖం.

కోట_జంక్షన్:
ఆ కిట్టు నేనూ కొన్నాను. మూడు. రెసిస్టర్ మార్చుకునేటప్పుడు తిట్టుకున్నాను కూడా. మీదని తెలీదు, క్షమించండి. నేనడిగేది కనెక్టరు, వోల్టు వరకే. లోపలిది ఎవరిది వారిదే.

పనసచెక్క:
అయితే ఆ మాటే మొదట రాయండి. గీసినవాడి పేరు బోర్డు మీద రాగిలో ఉండాలి. తెల్ల సిరాలో వద్దు, బ్లేడుతో గీకేస్తారు.

సోల్డర్_సూరి:
రాగిలోనే ‘మైనస్ 12 ఇటు’ అని కూడా రాయించండి. నిన్న ఆ కేబుల్ పెట్టింది నేనే. ఎర్రది ప్లస్సనుకున్నాను. ఎంతయిందో చెప్పండి, ఇచ్చేస్తాను.

కోట_జంక్షన్:
టీఎల్072 చిప్పులు రెండు పోయాయి సూరీ. అవి పట్రా చాలు. గాడి ఉన్న కనెక్టర్లు దొరికితే అవీ ఓ పది.