ఎకనామిక్స్ కో-ఆప్‌తోనా, మామూలుగానా? మా అమ్మాయికి రెండు ఆఫర్లు (చర్చ)

మిస్సిసాగా అమ్మ:
అందరికీ నమస్తే. మా అమ్మాయి గ్రేడ్ 12. వాటర్లూ యూనివర్సిటీలో ఎకనామిక్స్ కో-ఆప్ (మధ్యమధ్యలో కొన్ని టర్ములు చదువు ఆపి బయట జీతానికి పనిచేసే పద్ధతి) ఆఫర్ వచ్చింది. టొరంటో యూనివర్సిటీ సెయింట్ జార్జ్ క్యాంపస్‌లో సోషల్ సైన్సెస్ కూడా వచ్చింది. జూన్ మొదట్లోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలి. మేం కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) వాళ్లం. కో-ఆప్ అయితే డిగ్రీ దాదాపు ఐదేళ్లు పడుతుందట, ఆ ఆలస్యానికి తగ్గ ఫలితం ఉంటుందా? చదువు టర్ములూ పని టర్ములూ ఎలా పేర్చుకోవాలి? మ్యాథ్స్ మైనర్ (డిగ్రీలో రెండో సబ్జెక్టుగా) తీసుకోమంటారా? ప్రవేశ స్కాలర్‌షిప్ పని టర్ముల్లో ఆగిపోతుందా? మా అత్తగారేమో ఇంజనీరింగ్ కాకుండా ఇదేం చదువని రోజూ అడుగుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హామిల్టన్ రాజు:
అమ్మా, ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. కో-ఆప్ అంటే ఉద్యోగం వాళ్లు చేతిలో పెట్టరు. పోటీపడి తెచ్చుకోవాలి. మా వాడు మొదటి పని టర్ముకి నలభై చోట్ల అప్లై చేస్తే ఆరు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఆరూ మిడ్‌టర్మ్ పరీక్షల వారాల్లోనే. ఒక్కటీ రాలేదు. పక్కగది పిల్లలందరికీ వచ్చేశాయి. వీడు రెండు వారాలు మాతో ఫోన్లో కూడా సరిగ్గా మాట్లాడలేదు. కో-ఆప్ ఫీజు మాత్రం ఆ టర్ముకీ కట్టించుకున్నారు. ఏప్రిల్ నెలాఖరులో ఒక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో దొరికింది, నాలుగు నెలలూ క్లెయిముల వివరాలు ఎక్కించే పని. ఇప్పుడు మూడో టర్ములో బాగానే ఉన్నాడు. కానీ ఆ ఏప్రిల్ నేను మర్చిపోలేను.

ఒట్టావా బాబాయి:
టర్ములు ఎలా పేర్చుకోవాలన్నదే అసలు ప్రశ్న, దానికి చెబుతాను. ఎకనామిక్స్‌లో మొదటి పని టర్ముకి వెళ్లే పిల్లకి వచ్చేది కేవలం ఎకాన్ 101, 102 అనే తొలి కోర్సులు. ఆ రెండింటితో ఎవరూ విశ్లేషణ పని ఇవ్వరు. కాబట్టి మొదటి టర్ములో ఏది దొరికితే అది చేయాలి. గణాంకశాస్త్రం, తర్వాతి స్థాయి మైక్రో, మాక్రో ఎకనామిక్స్ అయ్యాక రెండోది. ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక లెక్కల్ని గణాంకాలతో విశ్లేషించే సబ్జెక్టు) మాత్రం మూడో పని టర్ము కంటే ముందే పూర్తవ్వాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొన్ని కోర్సులు అన్ని టర్ముల్లో ఉండవు. ఆ కోర్సు నడిచే టర్ములో మీ పిల్ల ఆఫీసులో ఉంటే, మళ్లీ ఏడాది ఆగాలి. మొదటి ఏడాదిలోనే నాలుగైదేళ్ల పట్టిక ఒక కాగితం మీద గీసుకుని అడ్వైజర్‌కి చూపించండి.

ఇంకోటి. ఫెడరల్ ప్రభుత్వంలో ఈసీ అనే ఉద్యోగ వర్గం ఉంది. ఎకనామిక్స్, సోషియాలజీ, స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ ఉన్నవాళ్లకి అది సూటి దారి. స్టాటిస్టిక్స్ కెనడా లాంటి చోట విద్యార్థిగా చేసినవాళ్లని, డిగ్రీ అయ్యాక బ్రిడ్జింగ్ పద్ధతిలో బహిరంగ పోటీ లేకుండా తీసుకునే వీలు మేనేజర్లకి ఉంది. నేను అలాగే చేరాను. సిటిజన్లకీ పీఆర్ వాళ్లకీ ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి మీ అమ్మాయికి దారి తెరిచే ఉంది.

ఎకనోమెట్రిక్స్ మాస్టారు:
పద్నాలుగేళ్లుగా ఈ సబ్జెక్టు పాఠం చెబుతున్నవాణ్ణి, సూటిగా చెబుతాను. మైనర్ పేరు ఉందా లేదా అన్నది అనవసరం. కాల్కులస్ మూడు కోర్సులు, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఉండాలి. ఇవి లేని ఎకనామిక్స్ డిగ్రీ వార్తాపత్రిక చదివినట్టే. మాస్టర్స్‌కి అప్లై చేసినప్పుడు మొదట చూసేది ఆ మార్కులే. మన దగ్గర ఎంపీసీలో సీటు రానివాళ్లు చదివేదే ఎకనామిక్స్ అనుకుంటారు, ఇక్కడా ఆ ఆలోచనతోనే వస్తున్నారు పిల్లలు.

బ్రాంప్టన్ విజయ:
ఆ చివరి మాట అనవసరం మాస్టారూ. నేను గుంటూరులో ఎంఈసీ చదివాను. మ్యాథ్స్‌లో 75కి 74 వచ్చాయి. సీటు రాక కాదు, ఇష్టపడి తీసుకున్నాను. చుట్టాలందరూ మా నాన్నని పెళ్లిళ్లలో నిలబెట్టి "పాపకి ఎంపీసీ రాలేదా" అని అడిగేవారు. ముప్పై ఏళ్ల తర్వాత కెనడాలో కూడా అదే వినాలా? ఇక్కడ ఒక బ్యాంకులో రిస్క్ విభాగంలో పదకొండేళ్లుగా ఉన్నాను. కో-ఆప్ పిల్లల్ని ఏటా నేనే ఇంటర్వ్యూ చేస్తాను. లీనియర్ ఆల్జీబ్రా గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఎక్సెల్‌లో ఒక పట్టిక ఇచ్చి, ఇందులో తప్పెక్కడుందో చూడమంటాను. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు తీసే భాష) వచ్చా అని అడుగుతాను. చూసినదాన్ని మూడు వాక్యాల్లో చెప్పమంటాను. చాలామంది ఆగిపోయేది ఆ మూడు వాక్యాల దగ్గరే.

ఎకనోమెట్రిక్స్ మాస్టారు:
నేను మిమ్మల్ని అనలేదు, జనం అనుకునే మాట చెప్పాను. కానీ మీరు చెప్పేది పని టర్ము సంగతి. నేను చెప్పేది డిగ్రీ సంగతి. నాలుగు నెలల పని కోసం పునాది వదులుకోకూడదు. రిగ్రెషన్‌ని (ఒక అంశం మీద ఇంకో అంశం ప్రభావం ఎంతో కట్టే లెక్క) స్టాటా అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపించడం ఎవరైనా నేర్చుకుంటారు. అందులో వచ్చిన గుణకం ఎందుకు నమ్మదగినది కాదో చెప్పాలంటే మ్యాథ్స్ కావాలి.

బ్రాంప్టన్ విజయ:
మ్యాథ్స్ వద్దని నేనెక్కడ అన్నాను? అవి లేకపోతే వార్తాపత్రిక చదివినట్టే అన్నది మీరు. ఆ మాట విని ఒక పిల్ల భయపడి మానేస్తే ఎవరిది బాధ్యత?

హామిల్టన్ రాజు:
మా వాడికి మొదటి టర్ములో రెండు మ్యాథ్స్ కోర్సులు పెట్టించింది ఇలాంటి సలహానే. ఇంటర్వ్యూలు, మిడ్‌టర్మ్స్ కలిసి వచ్చి రెండూ పోగొట్టుకున్నాడు. మాస్టారూ, మీ తరగతిలో ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్లాడికి పరీక్ష వాయిదా వేస్తారా? వేయరు కదా.

ఎకనోమెట్రిక్స్ మాస్టారు:
వేస్తాను. ముందురోజు మెయిల్ పెడితే ప్రతిసారీ వేశాను. అడగకుండా మానేసేవాళ్లే ఎక్కువ.

బోస్టన్ నుంచి సూరి:
మాది అమెరికా అనుభవం. ఇక్కడ కో-ఆప్ చాలా పాతది, 1906లో సిన్సినాటిలో మొదలైంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా పిల్లల తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫుల్‌టైమ్ సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) 12 నెలలు నిండితే ఆ స్థాయి చదువుకి ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) ఉండదు. మా అబ్బాయి ఆరేసి నెలల కో-ఆప్‌లు రెండు చేశాడు. ఎవరూ హెచ్చరించలేదు. లెక్క చూసుకునేసరికి ఆలస్యమైపోయింది, డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం చేసే వీలు లేకుండా పోయింది. రెండోది, డిగ్రీ కోడ్. మామూలు ఎకనామిక్స్ 45.0601 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ జాబితా) కాదు. ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603 అయితే స్టెమ్, ఓపీటీకి ఇంకో 24 నెలలు కలుస్తాయి. డిగ్రీ పేరు చూసి మోసపోకండి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో కోడ్ చూడండి.

ఒట్టావా బాబాయి:
సూరి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆవిడ కెనడా పీఆర్. ఇవేవీ వర్తించవు.

బోస్టన్ నుంచి సూరి:
తెలుసు. చదివేవాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

వరంగల్ నుంచి శ్రీను:
నాకు పనికొచ్చింది అన్నా. మా తమ్ముడు ఎంఈసీ సెకండ్ ఇయర్. కెనడాలో కో-ఆప్ జీతంతో ఫీజు కట్టుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన్రు. నిజమేనా?

ఒట్టావా బాబాయి:
కాదు తమ్ముడూ. ఆ మాట చెప్పినవాళ్ల దగ్గర అడ్వాన్స్ కట్టొద్దు. చాలా కోర్సుల్లో మొదటి ఏడాది పని టర్మే ఉండదు. 2025 సెప్టెంబరు నుంచి స్టడీ పర్మిట్‌కి మొదటి ఏడాది ఫీజు కాక ఖర్చులకే 22,895 డాలర్లు చూపించాలి. చదువు టర్ముల్లో బయట పని వారానికి 24 గంటలు దాటకూడదు. కో-ఆప్ జీతం ఆ నాలుగు నెలల అద్దెకీ తిండికీ సరిపోతుంది, కొంత మిగులుతుంది. అంతర్జాతీయ ఫీజు దానితో తీరదు. మొత్తం ఖర్చు లెక్కేసుకుని, అది మీ ఇంటికి తట్టుకోగలిగినదైతేనే రండి.

బ్రాంప్టన్ విజయ:
అద్దె అంటే గుర్తొచ్చింది. దీని గురించి ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలకోసారి ఇల్లు మారాలి. మా పెద్దమ్మాయి చదివేచోట పన్నెండు నెలల లీజు, పని టొరంటోలో. గదికి సబ్‌లెట్ దొరక్క రెండు చోట్లా అద్దె కట్టాం. వేసవిలో అందరూ ఒకేసారి గదులు ఖాళీ చేస్తారు కాబట్టి సగం ధరకి కూడా ఎవరూ రారు. వీలైతే స్నేహితుల్లో ఎదురు టర్ములో పని ఉన్నవాళ్లని ముందే చూసుకుని ఒక గదిని ఇద్దరూ పంచుకోమనండి. రెండో ఏడాది నుంచి మేం అదే చేశాం.

మిస్సిసాగా అమ్మ:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి మా అమ్మాయి ఇదంతా చదివింది. విజయ గారి మూడు వాక్యాల మాట దగ్గర ఆగి, "నాకు అది వస్తుందమ్మా" అంది. రాజు గారి అబ్బాయి సంగతి చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే కాగితం తీసి బాబాయి గారు చెప్పినట్టు పట్టిక గీసింది. మొదటి ఏడాది ఒక్కో టర్ములో ఒకే మ్యాథ్స్ కోర్సు, లీనియర్ ఆల్జీబ్రా రెండో ఏడాది, ఎకనోమెట్రిక్స్ మూడో పని టర్ముకి ముందు. వాటర్లూ ఒప్పుకుంటున్నాం. మాస్టారూ, విజయ గారూ, ఇద్దరి మాటా అందులో ఉంది.

నా స్కాలర్‌షిప్ ప్రశ్నకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పని టర్ముల్లో ఆగుతుందా?

ఎకనోమెట్రిక్స్ మాస్టారు:
పట్టిక బాగుంది. ప్రాబబిలిటీ కూడా ఎకనోమెట్రిక్స్ కంటే ముందు పెట్టించండి. విజయ గారూ, ఎంపీసీ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హామిల్టన్ రాజు:
స్కాలర్‌షిప్ సంగతి ఆఫర్‌తో వచ్చిన అవార్డు లెటర్‌లో ఉంటుంది. ఏ టర్ముల్లో జమ చేస్తారో, ఎంత సగటు నిలబెట్టుకోవాలో అందులోనే చూడండి. రేపు పొద్దున్నే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది నమ్ముకోవద్దు.

ఒట్టావా బాబాయి:
ఒట్టావాలో పని టర్ము వస్తే ముందు నాకు చెప్పండి. మా బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది, బస్సు స్టాపు పక్కనే. మా ఆవిడ దోసెల పిండి ఎప్పుడూ ఉంచుతుంది.