బాటిల్ ఊపిరితిత్తుల్లో బెలూన్లు ఉబ్బడం లేదు

ప్రశ్న (చీమకుర్తి):
ఐదో తరగతి పాప సైన్స్ ఫెయిర్‌కి లీటరు నీళ్ల బాటిల్‌తో ఊపిరితిత్తుల నమూనా చేశామండీ. అడుగున కట్టిన రబ్బరు లాగితే లోపలి బెలూన్లు కదలడం లేదు. తప్పెక్కడ?

జవాబు:
నీళ్ల బాటిల్ పల్చన. రబ్బరు లాగగానే దాని గోడలే లోపలికి సొట్టపోతాయి, బెలూన్లకు పని ఉండదు. మందపాటి కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకోండి. తర్వాత చూడాల్సింది మూత. మూతలోంచి దూర్చిన స్ట్రా చుట్టూ ఎం-సీల్ పెట్టి పూర్తిగా గట్టిపడనివ్వండి. స్ట్రా కొనను వేలితో మూసి, బాటిల్ మెడను నీళ్లలో ముంచి, రబ్బరును లోపలికి నొక్కండి. బుడగలొచ్చిన చోట గాలి కారుతున్నట్టే. కొత్త బెలూన్లు బిర్రుగా ఉంటాయి, కట్టేముందు రెండు మూడుసార్లు ఊది వదలండి.

జవాబు:
పాపకు ఇదీ చెప్పండమ్మా: ఊపిరితిత్తులు వాటంతట అవి ఉబ్బవు. రబ్బరు స్థానంలో మనకు ఉదరవితానం అనే కండరం ఉంది. అది కిందికి దిగితే ఛాతీలో చోటు పెరిగి, ఒత్తిడి తగ్గి, గాలి లోపలికొస్తుంది. బాటిల్ గోడ కదలదు, మన పక్కటెముకలు మాత్రం పైకి లేస్తాయి. గుండెకు చోటివ్వాలి కాబట్టి ఎడమ బెలూను కాస్త చిన్నది కట్టండి. అసలు ఊపిరితిత్తి ఖాళీ సంచి కాదు, స్పాంజిలాంటిది. పెద్దవాళ్లలో 30 కోట్లకు పైగా గాలిగదులుంటాయి.

జవాబు:
చీమకుర్తి అన్నారు, అక్కడ గ్రానైట్ క్వారీలున్నాయి కాబట్టి ఆ దుమ్ము సంగతీ చార్టులో రాయించండి. కంటికి కనిపించే దుమ్మును చాలావరకు ముక్కు, గొంతు ఆపేస్తాయి. గ్రానైట్ దుమ్ములో ఉండే సిలికా రేణువుల్లో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపువి గాలిగదుల దాకా పోతాయి, అక్కడ మచ్చ కడితే మళ్లీ మామూలు కాదు. వాకిలి పొడిగా ఊడవకుండా నీళ్లు చల్లి ఊడవండి. చేతిరుమాలు ఈ రేణువులను ఆపదు, ముఖానికి బిగుతుగా అతికే ఎన్-95 కావాలి. క్వారీ బట్టలు పిల్లల దగ్గర దులపకుండా నేరుగా నీళ్లలో నానేయండి.