కత్తి లేని జేబు పనిముట్టు ఏది కొనాలి?

నమస్కారం. నేను బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటూ, ఇళ్లలో ఇన్వర్టర్లు బాగుచేసే పని చేస్తున్నాను. తరచుగా బైయప్పనహళ్లి నుంచి మెజెస్టిక్ వరకు మెట్రోలో వెళ్తాను. లోపలికి వెళ్లేటప్పుడు సంచిని తనిఖీ యంత్రంలో పెట్టాలి కనుక, కత్తి ఉన్న పనిముట్టును రోజూ వెంట ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు.

పనికి వెళ్లేటప్పుడు పెద్ద సంచి ఎలాగూ ఉంటుంది. నాకు కావలసింది తాళాల గుత్తికి తగిలించుకోగల చిన్న సాధనం. పోయిన నెల మా పక్కింటి పెద్దావిడ ఆక్సిజన్ యంత్రం ప్లగ్గులో తీగ వదులై అది ఆగిపోయినప్పుడు, ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ కోసం నేను మూడిళ్ల తలుపులు తట్టవలసి వచ్చింది. ఆ పది నిమిషాల ఆందోళన ఇంకా నన్ను వదలలేదు.

స్విట్జర్లాండ్ జేబు కత్తుల సంస్థ విక్టోరినాక్స్ వారి 58 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న పనిముట్టు జెట్‌సెట్టర్‌లో కత్తి లేదు. కత్తెర, అయస్కాంతపు స్టార్ స్క్రూడ్రైవర్, తీగ తొడుగు ఒలిచే గాడి ఉన్నాయి. అయితే అంత పొట్టి పిడితో, ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన స్విచ్‌బోర్డు మరను తిప్పడానికి తగినంత పట్టు దొరుకుతుందా? (విద్యుత్ రక్షణ తొడుగు లేని పనిముట్టు కనుక, మెయిన్ ఆపిన తరువాతే వాడతాను.) లెదర్‌మన్ తరహా మడత పట్టుకారు (పలు పనిముట్లు కలిసి ఉండేది) నా పనికి ఇంకా దగ్గరగా ఉంటుంది కానీ, వాటిలో ఎక్కువ వాటికి కత్తి ఉంటుంది.

జెట్‌సెట్టర్‌ను రెండు మూడేళ్లు వాడినవారు ఎవరైనా ఉంటే, కత్తెర స్ప్రింగు ఎంతకాలం నిలిచిందో, ఇక్కడి ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఎస్.పి. రోడ్డులో అసలు సరుకు నమ్మకంగా దొరుకుతుందో లేదో దయచేసి తెలియజేయగలరు.