ఆసియాన్ సర్టిఫికెట్ ఉన్నా సరుకు ఎందుకు ఆపారు?

నెల్లూరోడు_చెన్నై:
మాకు ప్యారీస్ కార్నర్ దగ్గర ఫర్నిచర్ సామాన్ల హోల్‌సేల్ షాపుంది. మొదటిసారి వియత్నాం నుంచి ఒక కంటైనర్ డ్రాయర్ ఛానెళ్లు (సొరుగులు జారే స్టీలు పట్టాలు) తెప్పించాను. బిల్లు మాత్రం సింగపూర్ కంపెనీది. సప్లయర్ ఫారం ఏఐ, అంటే సరుకు ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) లోనే తయారైందని చూపే సర్టిఫికెట్ పంపాడు, డ్యూటీ తగ్గుతుందని ధర కూడా ముందే చెప్పేశాను. తీరా చూస్తే కస్టమ్స్ వాళ్లు సరుకు ఆపి, స్టీలు ఎక్కడిది, ఖర్చు లెక్క చూపించు అంటున్నారు. పోర్టులో సరుకు ఆగినందుకు కట్టే డెమరేజ్ రోజూ ఎక్కుతోంది, ఒకటే టెన్షన్. సింగపూర్ బిల్లు వల్లేనా?

గూడూరు_బాబు:
అంతే ఉంటుంది. మధ్యలో వాళ్లెందుకండీ?

పాత_సీహెచ్‌ఏ:
బాబూ, బిల్లు మూడో దేశానిదైనా ఒప్పందంలో చెల్లుతుంది, సర్టిఫికెట్‌లో ఆ గడికి టిక్కు ఉండాలి. రాజాజీ సాలై కస్టమ్ హౌస్ దగ్గర ఏజెంటుగా ఇన్నేళ్లుగా చూస్తున్నా, అందరూ ముందు సింగపూర్‌నే తిడతారు.

అసలు సంగతి స్టీలుది. మనకూ ఆసియాన్‌కూ ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఎఫ్‌ఓబీ విలువలో (ఓడ ఎక్కేదాకా సరుకు ధరలో) కనీసం 35 శాతం ఆసియాన్ లేదా మన దేశానిదై ఉండాలి. పైగా బయటి నుంచి తెచ్చిన ముడిసరుకుకూ తయారైన సరుకుకూ ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) మారాలి. చైనా స్టీలు ఆ 35లోకి రాదు. అదే ఫ్యాక్టరీ జపాన్‌కు ఆర్‌సెప్ అనే మరో పెద్ద వాణిజ్య ఒప్పందం కింద పంపితే, చైనాలో పుట్టిన స్టీలు కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే చైనా, జపాన్, ఆసియాన్ అన్నీ అందులో ఉన్నాయి. మనం 2019లో ఆ చర్చల నుంచి బయటికి వచ్చేశాం. ఆసియాన్ ఇప్పుడు అందరి సరుకూ కలిసే జంక్షన్ లాంటిది. అక్కడి నుంచి మన దాకా వచ్చే దారికి మాత్రం గేటు వేరు.

2020 సెప్టెంబరు 21 నుంచి కరోటార్ అని, ఇలాంటి ఒప్పందాల కింద రాయితీ అడిగే సరుకు ఎక్కడిదో తేల్చే మన కస్టమ్స్ నిబంధనలున్నాయి. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, సరుకు ఎలా తయారైందో దిగుమతిదారుకే తెలిసుండాలి. అడిగితే పది పనిదినాల్లో ఇవ్వాలి. ఛానెల్ అక్కడే రోల్ నుంచి కోసి వంచారా, లేక తయారైన పట్టీలు తెచ్చి బిగించారా? ముందు అది కనుక్కోండి.

నెల్లూరోడు_చెన్నై:
వాట్సాప్‌లో అడిగానండీ. పట్టీలు చైనా నుంచే వంచి వస్తాయట. వియత్నాంలో బాల్స్ వేసి బిగించి, పెట్టెల్లో పెడతారట.

పాత_సీహెచ్‌ఏ:
అయితే విడిభాగాలూ అదే కోడ్‌లో పడే ప్రమాదముంది, 35 శాతమూ కష్టమే. రాయితీ అడగడం మానేసి పూర్తి డ్యూటీ కట్టి సరుకు తెచ్చుకోండి. రాయితీ చెల్లదని తేలితే మిగతా డ్యూటీ కడతానని బాండ్ రాస్తే సరుకు వస్తుంది గానీ, రేపు ఓడిపోతే వడ్డీ కూడా కట్టాలి. వచ్చేసారి ఆర్డరుకు ముందే ఖర్చు షీటు అడగండి. ఇవ్వనంటే అక్కడ కొనకండి.

నెల్లూరోడు_చెన్నై:
సరేనండీ, పొద్దున్నే బ్రోకరుకు చెబుతా. ధర ముందే చెప్పిన పార్టీకి ఏం చెప్పాలో నాన్నని అడగాలి.